చిన్నాయిన హోమ్ థియేటరూ, నా గోనెసంచుల ఇంజినీరింగూ

ఆ రోజుల్లో ఏ పనైనా వీడియో చూసి నేర్చుకోవచ్చని అందరికీ గట్టి నమ్మకం ఉండేది. సినిమా హాళ్లు మూతబడి, బడులు ఫోన్లలోకి వచ్చేసి, ఒక మనిషి తుమ్మితే పక్క మనిషి గల్లీ మారిపోయే రోజులు. మా అమ్మ వీడియో చూసి కేకు చేసింది (అది కేకని ఆవిడ చెబితే గానీ మాకు తెలియలేదు). మా నాన్న వీడియో చూసి తన జుట్టు తానే కత్తిరించుకుని, ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో కూడా టోపీ తీయలేదు. నేను వీడియోలు చూసి సౌండ్ ఇంజినీరునయ్యాను. కేకు ఆ పూటకు అయిపోయింది, జుట్టు మళ్లీ పెరిగింది. నా ఇంజినీరింగు ముచ్చట మాత్రం మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అందుకని వాళ్లు కల్పించి చెప్పకముందే అసలు సంగతి నేనే చెప్పేస్తే మంచిదనిపించింది.

అప్పటికి నేను వరంగల్‌లోనే ఈసీఈ బీటెక్ పూర్తి చేసి ఉన్నాను. ఉద్యోగం ఇస్తామన్న హైదరాబాద్ కంపెనీ వాళ్లు, మేం చెప్పేదాకా ఇంట్లోనే ఉండండి అని మెయిల్ పెట్టి ఊరుకున్నారు. ఇంట్లో నన్ను అందరూ ఇంజినీర్ అనే పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవమెంతో, వెక్కిరింపెంతో ఎప్పుడూ తేలేది కాదు. వైరున్న ప్రతి వస్తువూ నా ముందుకే వచ్చేది. మిక్సీ, కూలరు, ఎదురింటి వాళ్ల ఇస్త్రీపెట్టె. నేను చదివింది ఎలక్ట్రానిక్స్, ఇవి బాగుచేసేది ఎలక్ట్రికల్ వాళ్లు అని చెబితే, "రెంటిట్ల ఉండేది కరెంటే గద?" అనేది మా అమ్మ. నేను స్క్రూడ్రైవర్ తీసేదాన్ని.

మా నాన్న తమ్ముడు, మా చిన్నాయిన, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడుపుతాడు. అంటే రైతులు తెచ్చిన మిర్చిని కాటా వేయించి వ్యాపారులకు అమ్మించే పని. యార్డులో వేలంపాట గోల మధ్య తన మాట వినిపించాలి కాబట్టి, ఆయన గొంతు ఎప్పుడూ మార్కెట్ గొంతే. ఇంట్లో అన్నంలోకి పెరుగడిగినా మూలమలుపు దాకా తెలిసిపోయేది. దానికి తోడు సినిమా పిచ్చి. కొత్త సినిమా మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే ఆయనకు ఒళ్లు వెచ్చబడేది. హాళ్లు మూసేసరికి కొన్నాళ్లు ముఖం వేలాడేసుకు తిరిగి, చివరికి ఒక రోజు ట్రాలీ ఆటోలో హాలునే ఇంటికి తెచ్చుకున్నాడు. మేడమీది గదిలో గోడంత తెర, ప్రొజెక్టరు, పడక కుర్చీల్లాంటి సోఫాలు, చుట్టూ స్పీకర్లు, ఒక మూల బీరువాకు తమ్ముడిలా ఓ నల్లటి డబ్బా. దాన్ని సబ్‌వూఫర్ అంటారు. బాంబు పేలినా, భూమి కంపించినా, హీరో నడిచొచ్చినా గుండెల్లో 'ధుడుం' మనే ఆ మోత వచ్చేది అందులోంచే. చిన్నాయిన దానికి ముద్దుగా 'దున్నపోతు' అని పేరు పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. చిన్నాయిన ఇల్లు స్టేషనుకు అవతల ఒక ఇరుకు గల్లీలో ఉంది. ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. గోడకవతల ఉండేది మేమందరం చాచా అని పిలిచే పెద్దాయన. రైల్వేలో గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యారు. చిన్నాయిన, చాచా పొద్దున్నే అరుగు మీద పక్కపక్కన కూర్చుని చాయ్ తాగడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. చాయ్ చాచా భార్య చాచీ చేతిది, బిస్కట్లు చిన్నమ్మ చేతివి. ఆ ఏడు చాచా కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పాప పుట్టి ఇంకా తల కూడా నిలపలేదు. సరిగ్గా అప్పుడే మా దున్నపోతు రంకె వేయడం మొదలుపెట్టింది.

మొదటి రోజు చాచా ఎంతో మర్యాదగా వచ్చారు. "తమ్మీ, జర సౌండు తగ్గియ్యి. పసిపిల్ల ఉలికిపడి లేస్తాంది" అన్నారు. చిన్నాయిన తగ్గించాడు. ఫైటు రాగానే ఆయనకు తెలియకుండానే ఆయన వేలు పెంచింది. మర్నాడు చాచా మళ్లీ వచ్చారు. ఆ మర్నాడు వచ్చేసరికి సినిమా క్లైమాక్సులో ఉంది. మంచి పట్టులో లేపినందుకు చిన్నాయినకు చిర్రెత్తింది.

"నా ఇంట్ల నేను సినిమా జూసుకునుడు గూడ తప్పేనా భాయ్? ఎన్నేండ్లు రైలుబండ్లల్ల తిరిగినోనివి, నీకు ఈ సప్పుడొక లెక్కా?"

చాచా "రైలు వచ్చేముందు సీటీ కొడ్తది తమ్మీ. నీది చెప్పకుంట వస్తది" అని, మెట్లు దిగి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున అరుగు మీద చిన్నాయిన ఒక్కడే కూర్చున్నాడు. చాయ్ రాలేదు. ఇంట్లో పెట్టుకున్న చాయ్ తాగి, "చక్కెర ఎక్కువైంది" అన్నాడు. మరునాడు తక్కువైందన్నాడు. మూడు పూటలు విన్నాక చిన్నమ్మకు ఒళ్లు మండింది. "చక్కెర గాదు, పక్కన మనిషి లేకుంట తాగుడు నీకు శాతనైతలేదు. పక్కింటి ఆపతోటి నా మాట గూడ బందైంది. ఆ రూముల సప్పుడు బయటికి పోకుంట ఏమన్న జెయ్యి. లేకుంటె నీ దున్నపోతును మార్కెటుకు కొట్టుకపోయి వేలం పెడ్త" అని తేల్చి చెప్పింది. చిన్నాయిన వెంటనే నాకు ఫోన్ చేశాడు. (ఫోన్ లేకపోయినా వినిపించేది, మా ఇల్లు రెండు గల్లీల అవతలే.)

"బిడ్డా, నువ్వు ఇంజినీర్‌వి. రూముల సప్పుడు రూముల్నే ఉండాలె. ఒక్క చుక్క బయటికి కారొద్దు."

చప్పుడును చుక్కల్లో కొలిచిన మనిషిని నేను చూడటం అదే మొదలు. కానీ నవ్వు రాలేదు, ఒళ్లు పులకరించింది. ఇస్త్రీపెట్టెలు, కూలర్లు కాకుండా నా చదువుకు తగిన పనిని ఒకరు నాకు అప్పగించడం అదే మొదటిసారి. "అయిపోయిందనుకో చిన్నాయినా" అన్నాను. అనేశాక ఇంటికొచ్చి తలుపేసుకుని, గదిలో చప్పుడు ఆపడం ఎలా అని వెతకడం మొదలుపెట్టాను.

వీడియోల్లో ఒక గడ్డం ఆయన ఖాళీ గదిలో నిలబడి చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్ల శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగి తిరిగి వచ్చేది. తర్వాత గోడలకు మెత్తటి పలకలు తగిలించి కొడితే, 'టప్' మని ఒక్క ముక్కలో ఆగిపోయేది. నేను వెళ్లి చిన్నాయిన గదిలో కొట్టి చూశాను. కింద గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు. ఒక్క చప్పట కొడితే ఊరేగింపు వచ్చినట్టు మోగింది. రోగం దొరికిందనుకున్నాను. ముందు కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటిద్దామనుకున్నాను గానీ, పక్కనే పూజగది ఉండటం వల్ల చిన్నమ్మ ఒప్పుకోలేదు. ఆ తర్వాత గడ్డం ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. చెక్క చట్రంలో దూది లాంటిది కూరి, దాని మీద చప్పుడును లోపలికి పోనిచ్చే జల్లెడ లాంటి ముతక గుడ్డ బిగించాలట. ఆ గుడ్డను దగ్గరికి తెచ్చి చూపించాడు. చూడగానే గంతేశాను. మన గోనెసంచే! పత్తీ, గోనెసంచీ రెండూ ఎనుమాములలో గుట్టలు గుట్టలు. ఈ పనికి వరంగల్‌ను మించిన ఊరు భూమ్మీద ఉండదనిపించింది.

"సంచులు కొత్తవి తెద్దామా చిన్నాయినా?" అని అడిగాను.

"కొత్తయి ఎందుకు బిడ్డా? మన గోదాంల మస్తున్నయి. మంచిగ దులిపిచ్చిన, ఫికర్ జెయ్యకు."

దులిపించిన మాట నిజమే. కానీ మిర్చి బస్తాను ఎంత దులిపినా దాని దారాల్లో ఏం మిగులుతుందో, చిన్నప్పటి నుంచీ ఆ ఘాటులోనే బతికిన చిన్నాయిన ముక్కుకు తెలియదు. నా సిలబస్‌లో అది లేదు. పైగా ఆ రోజుల్లో అందరం మాస్కులు పెట్టుకునే పనిచేసేవాళ్లం, నేనైతే భయంతో రెండు పెట్టుకునేదాన్ని. కాబట్టి వడ్రంగి చట్రాలు చేసిస్తే, దబ్బనంతో సంచులు కుట్టి బిగిస్తున్నన్ని రోజులూ నాకు ఏ వాసనా తెలియలేదు. కళ్లు కొంచెం మండేవి. కష్టపడి పనిచేస్తే అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

నాలుగు గోడలకూ పలకలెక్కాయి. నేల మీద మందపాటి తివాచీ పరిచాం. వెంటిలేటర్‌లో పాత దిండు కుక్కాను. తలుపు చుట్టూ జిగురు రాసి రబ్బరు పట్టీ అంటించాను, గాలి కూడా దూరకుండా. అంతా అయ్యాక గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టాను. 'టప్'. అంతే. ఊరేగింపు లేదు, ఏమీ లేదు. మాట్లాడితే నా మాట నా నోటి ముందే రాలిపోయినట్టుంది. ఆనందం పట్టలేక చిన్నాయినను పిలిచి, "ఇంక ఇక్కడ బాంబు పేలినా చాచాకు తెలియదు" అన్నాను. చప్పుడు లోపల మోగకపోతే బయటికీ పోదని నా లెక్క. ఎంత సులువైన లెక్కో చూడండి.

ఆదివారం మధ్యాహ్నం ప్రారంభోత్సవం. చిన్నాయిన, చిన్నమ్మ, అమ్మ, నాన్న, నేను. చిన్నమ్మ గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టింది. చిన్నాయిన తలుపును భుజంతో నెట్టి మూశాడు, అంత బిగువుగా ఉంది. లైట్లు ఆర్పి, ఒక యుద్ధం సినిమా పెట్టాడు. మొదలైన కాసేపటికే, "ఏం బిడ్డా, సప్పుడు చిన్నగైందేంది?" అన్నాడు.

"పలకలు మింగుతున్నాయి చిన్నాయినా!" అన్నాను గర్వంగా.

"మింగనియ్యి" అని ఆయన ఇంకా పెంచాడు. తెర మీద సైన్యాలు ఢీకొన్నాయి. దున్నపోతు రంకె వేసింది. గోడలు వణికాయి. ప్రొజెక్టర్ వెలుగులో సన్నటి ఎర్రటి పొడి మెరుస్తూ గాల్లో తేలడం చూసి, ఆహా, నిజంగా యుద్ధభూమిలో ఉన్నట్టే ఉంది అనుకున్నాను. సరిగ్గా అప్పుడు మా నాన్న తుమ్మాడు.

ఆ రోజుల్లో ఒకరు తుమ్మితే మిగతావాళ్లు ఎలా చూసేవారో మీకు గుర్తుండే ఉంటుంది. మేం నలుగురం సోఫాలతో సహా వెనక్కి జరిగాం. ఇంతలో అమ్మ తుమ్మింది. తర్వాత చిన్నమ్మ, ఆపకుండా. నాకు గొంతులో నిప్పు పెట్టినట్టయింది. ఎనుమాముల యార్డులో ఏళ్ల తరబడి కూర్చున్నా ఒక్కసారి తుమ్మని చిన్నాయిన కూడా, తుమ్మబోయి రిమోట్‌ను ఎక్కడో వదిలేశాడు. అది సోఫా సందులో పడిపోయింది. సైన్యాలు కొట్టుకుంటూనే ఉన్నాయి, దున్నపోతు ఉరుముతూనే ఉంది, అది ఉరిమినకొద్దీ గోడల నుంచి మిర్చి రాలుతూనే ఉంది.

"తల్పు తియ్యిండ్రి!" అని చిన్నమ్మ అరిచింది. నేను లాగాను, రాలేదు. నేను రాసిన జిగురు ఇంకా ఆరలేదు. తలుపు చట్రాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాన్నా నేనూ కలిసి లాగాం. చివరికి చిన్నాయిన మిర్చి బస్తాను ఎత్తే పట్టు పట్టి గడియను గుంజితే, రబ్బరు పట్టీ సగం ఊడి ఆయన మెడకు చుట్టుకుని, తలుపు తెరుచుకుంది. అందరం మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ, దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లలోంచి ముక్కులోంచి నీళ్లు కార్చుకుంటూ నేరుగా గల్లీలోకి వచ్చిపడ్డాం.

ఒక్కసారిగా గల్లీ అంతా కిటికీలు మూసుకున్న చప్పుడు. టపటపా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా. ఒక మేడ మీంచి ఎవరో, "ఇంటిల్లిపాదికి అంటుకున్నది! 108కు ఫోన్ కొట్టుర్రి!" అని కేక పెట్టారు. మా నాన్న "కాదు, కాదు" అని చేతులూపబోయి మళ్లీ తుమ్మాడు. ఇంకో రెండు తలుపులు మూసుకున్నాయి.

తెరుచుకున్నది ఒక్క చాచా తలుపే. ముఖానికి రుమాలు కట్టుకుని, గుమ్మంలో నిలబడి, మమ్మల్ని తేరిపార చూశారు. గాలిని ఒకసారి పీల్చారు. తర్వాత రుమాలు కిందికి లాగేసి, "అరే! బీమారీ కాదు, ఏం కాదు. ఇది మిర్చి ఘాటు!" అని గల్లీ అంతటికీ వినిపించేలా చెప్పి, లోపలికి తిరిగి, "బకెట్ల నీళ్లు దే! సల్ల గూడ దే!" అని చాచీకి కేక పెట్టారు. మమ్మల్ని వరసగా అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో ముఖాల మీద నీళ్లు కొట్టారు. చాచీ గ్లాసుల్లో చల్ల పోసి తెచ్చింది. చాలా రోజుల తర్వాత చిన్నాయిన, చాచా మళ్లీ ఒకే అరుగు మీద పక్కపక్కన ఉన్నారు. చిన్నాయిన రెండు గ్లాసులు తాగి, ఎర్రటి కళ్లతో చాచా వైపు చూసి, ఇంత జరిగినా అడగకుండా ఉండలేక అడిగాడు.

"భాయ్... సప్పుడు ఇనవడ్డదా?"

చాచా నిట్టూర్చారు. "మొన్నటికన్న జాస్తి ఇనవడ్డది తమ్మీ. పిల్ల ఇంక ఏడుస్తనే ఉన్నది, ఇనుండ్రి."

నిజమే, లోపలి నుంచి పాప ఏడుపు వినిపిస్తోంది. పైనుంచి సైన్యాల కేకలు కూడా, రిమోట్ ఇంకా సోఫాలోనే ఉంది కాబట్టి. నేను లేచి వెళ్లి మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. (మిర్చి వల్లనే అని అందరికీ చెప్పాను. ఆ పూట అది నమ్మదగిన మాటే.) కింద చిన్నాయిన, "ఇగ ఆ డబ్బాలు అమ్మేస్త, పోరి పరేషానైతాంది" అంటున్నాడు. ఆ మాటకు ఇంకా ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆయనకు ఆ డబ్బాలంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు.

చాచీ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏడ్వకు బేటీ. నువ్వు అన్ని దినాలు మీ దిక్కే ఉండి జేసినవ్. మా దిక్కు వచ్చి ఎన్నడన్న ఇన్నవా? దా, వచ్చి మా ఇంట్ల కూసో" అంది.

అన్నన్ని వీడియోలు చూశాను గానీ, ఆ మాట నాకు తట్టనే లేదు. మర్నాడు పొద్దున వెళ్లి చాచా ఇంట్లో గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, చిన్నాయినకు ఫోన్ చేసి సినిమా పెట్టమన్నాను. ఆశ్చర్యమేమిటంటే మాటలు వినబడలేదు, పాటలు వినబడలేదు. ధుడుం ధుడుం అనే దెబ్బలు మాత్రమే గోడలోంచి నడిచొచ్చాయి. చేయి పెడితే గోడ సన్నగా వణుకుతోంది. స్టాండులో స్టీలు పళ్లాలు గలగలమంటున్నాయి.

"సూసినవా బిడ్డా" అన్నారు చాచా. "కథ ఇనవడ్తే జర ఓర్సుకుందును. ఒట్టి దెబ్బలే వస్తయి. ఎవడు కొట్టిండో, ఎందుకు కొట్టిండో, ఆఖరుకు ఎవడు బతికిండో తెల్వది. నెలసంది గిదే బతుకు."

అప్పుడు నాకు రెండు సంగతులు వెలిగాయి. మొదటిది, చిన్నాయిన దున్నపోతును తెచ్చి సరిగ్గా ఈ ఉమ్మడి గోడకే ఆనించి పెట్టాడు. రెండోది, గదిలో చప్పుడు మోగకుండా చేయడం ఒక పని, చప్పుడు గది దాటకుండా ఆపడం వేరే పని. దూదీ గోనెసంచీ మొదటిదానికే పనికొస్తాయి. పైగా లోపల చప్పుడు మెత్తబడిందని మనం ఇంకా పెంచుతాం, అదంతా పక్కింటికి చేరుతుంది. ఆపాలంటే బరువైనది అడ్డం ఉండాలి, గాలి దూరే సందు ఉండకూడదు, వణికే గోడను ఇంకో గోడ తాకకూడదు. ఈసారి వీడియోలు పక్కనబెట్టి నా పాత పాఠ్యపుస్తకం తీశాను. అందులో ఈ అధ్యాయం ఉంది. పరీక్షకు రాదని వదిలేసిన అధ్యాయం.

మళ్లీ పని మొదలైంది. దున్నపోతును గల్లీ వైపు మూలకు జరిపి, దాని కాళ్ల కింద మందపాటి రబ్బరు చాప వేశాం. ఉమ్మడి గోడకు జానెడు ఇవతల, దాన్ని తాకకుండా ఇనుప చట్రం నిలబెట్టి, మంటంటుకోని రాక్‌వుల్ (రాతి దూది) దిండ్లు కూరి, దాని మీద జిప్సం పలకలు రెండు వరసలు బిగించాం. వెంటిలేటర్‌లో దిండు తీసేసి ఇటుకలతో కట్టేసి, గాలికి వంపులు తిరిగే గొట్టం ఒకటి పెట్టాం. తలుపు మార్చి బరువైనది వేశాం. రబ్బరు పట్టీ అంటించాక జిగురు పూర్తిగా ఆరేదాకా ఆగాను. పాత పలకల్లో మిర్చి సంచులూ పత్తీ పారేసి, రాక్‌వుల్ కూరి కొత్త గుడ్డ వేశాం. చిన్నాయిన రోజూ వచ్చి గదిని చూసి గొణిగేవాడు.

"గోడకు ఇంకో గోడ కడ్తానవ్, రెండు ముట్టుకోవద్దంటానవ్. ఇవేమన్న అత్తాకోడండ్లా బిడ్డా?"

"అట్లనే అనుకో చిన్నాయినా. ముట్టుకుంటే గొడవ బయటికి పోతుంది."

"రూము సగమైంది. ఇంక రెండు గోడలు కడ్తె నేను బయట కూసోని సూడాలె" అనేవాడు గానీ, వద్దని మాత్రం అనలేదు.

పరీక్ష రోజు న్యాయమూర్తి చాచానే. ఆయన తన ఇంట్లో గోడ పక్కన కుర్చీలో, చేతిలో ఫోనుతో. ఉయ్యాలలో పాప. ఇక్కడ గదిలో చిన్నాయిన, నేను. ఈసారి ప్రారంభోత్సవం లేదు, కొబ్బరికాయ లేదు, అమ్మానాన్నలు ఆ గల్లీ దాకా కూడా రాలేదు. చిన్నాయిన అదే యుద్ధం పెట్టి, సౌండు చివరంటా పెంచాడు. నా గుండె దున్నపోతు కంటే గట్టిగా కొట్టుకుంటోంది. కాసేపటికి ఫోన్ వెలిగింది. నేను తలుపు తీసి బయటికొచ్చి, తలుపు మూసి ఎత్తాను.

"బేటీ, నేను రెడీ. ఇగ షురూ జెయ్యిండ్రి" అన్నారు చాచా.

"షురూ చేసి సైన్యం సగం చచ్చిపోయింది చాచా" అన్నాను.

ఆయన నమ్మలేదు. "ఝూట్" అన్నారు. ఫోన్ పెట్టేసి, చెప్పులు టకటకలాడించుకుంటూ తానే మెట్లెక్కి వచ్చారు. తలుపు తీశారు. ధుడుం అని మోత ముఖాన కొట్టింది. మూశారు. ఏమీ లేదు. మళ్లీ తీశారు. మళ్లీ మూశారు. ఫ్రిజ్జులో లైటు నిజంగా ఆరుతుందా లేదా అని చూసే పిల్లాడిలా అలా ఎన్నిసార్లు చేశారో. చివరికి లోపలికొచ్చి, నా తల మీద చేయి పెట్టి, "శభాష్" అన్నారు. ఆ తర్వాత నాకు ఉద్యోగంలో చాలా మెచ్చుకోళ్లు మెయిల్‌లో వచ్చాయి. ఒక్కటీ ఆ చేయంత బరువుగా లేదు.

చిన్నాయిన లేచి తన సోఫా చూపించి, "ఈడ కూసో భాయ్. ఈడ కూసుంటె అన్ని డబ్బాలు సమంగ ఇనవడ్తయి" అన్నాడు. క్షమించమనే మాట ఆయన నోట ఎప్పుడూ రాదు. అంతకన్నా పెద్దది, తన కుర్చీ ఇచ్చేశాడు. చాచా కూర్చుని, "మొదటిసంది పెట్టు తమ్మీ. కొట్టుడు అంత ఇన్న, కథ తెల్వాలె" అన్నారు. చిన్నాయిన మొదటి నుంచి పెట్టాడు. కథ ఇంకా మొదలు కాకముందే చాచా కునుకు తీశారు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం భోజనం కాగానే చాచా వచ్చారు. "ఇంట్ల పిల్ల ఒకటే ఏడుపు తమ్మీ. బయట కూరగాయల బండోని మైకు. జరసేపు నీ రూముల నడుం వాలుస్త, ఈడ మస్తు ఖామోష్ ఉన్నది" అన్నారు. మొన్న పాప నిద్ర కోసం చిన్నాయినతో మాట మానేసిన మనిషి, ఇవాళ పాప ఏడుపు నుంచి తప్పించుకోవడానికి చిన్నాయిన గదికొచ్చారు. వద్దనే మొహం చిన్నాయినకు లేదు. రోజూ మధ్యాహ్నం చాచా ఆ సోఫాలో గుర్రు పెట్టేవారు. ఒక రోజు నేను వెళ్లేసరికి గది చీకటిగా ఉంది. తెర మీద భీకరంగా పోరాటం సాగుతోంది. ఒక్క చప్పుడు లేదు. ప్రపంచంలోని స్పీకర్లన్నీ చుట్టూ పెట్టుకుని, చిన్నాయిన కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ మూగగా సినిమా చూస్తున్నాడు.

"సౌండు పెట్టవేంది చిన్నాయినా?" అన్నాను.

ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చిన్నాయిన గుసగుసలాడగా నేను విన్నది అదొక్కసారే. "సప్పుడు జెయ్యకు బిడ్డా. భాయ్ పండుకున్నడు."

ఆ తర్వాత కొద్ది రోజులకే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. నాకిచ్చిన పనికీ చప్పుళ్లకూ ఏ సంబంధమూ లేదు, రోజంతా తెర మీద బొమ్మల్లాంటి అంకెలు చూడటమే. ఇప్పుడు మాకో పెద్ద అద్దాల మీటింగ్ గది ఉంది. జీతాలు పెంచడం, మనుషుల్ని తీసేయడం లాంటి రహస్యాలన్నీ అందులోనే మాట్లాడతారు. ఆ అద్దం తలుపు కింద చిటికెన వేలు దూరేంత సందుంది, ఒక్కో మాటా బయట కాఫీ మిషను దగ్గర నిలబడ్డవాళ్లకు పూసగుచ్చినట్టు వినిపిస్తుంది. ఆ సందు నేను చేరిన మొదటి రోజే చూశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పటి ఆ పిల్లయితే, ఎవరూ అడగకుండానే, రెండు మాస్కులు పెట్టుకుని, చేతిలో జిగురు డబ్బాతో ఈపాటికి ఆ తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉండేది. చేసిందంతా చెడగొట్టినా సరే, కూర్చునేది. నేను కాఫీ కప్పు పట్టుకుని ఆ తలుపు పక్కనుంచి నడిచి వెళ్తూ, ఆ పిల్లకు కొంచెం పక్కకు జరిగి దారి ఇచ్చినట్టు, నవ్వుకుంటూ వెళ్లిపోతుంటాను.